పడని రక్తం

1984లో అమ్మకి గర్భసంచి తీసేశారు. ఆవిడకి అప్పుడు నలభయ్యేళ్ళు. ఆపరేషన్‌కి ముందు రక్తం గ్రూపు రాసిచ్చిన చీటీ నా చేతికొచ్చింది. బి నెగటివ్. నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాక్టికల్స్‌లో ఒకరి వేలు ఒకరం సూదితో పొడిచి గ్రూపులు చూసుకున్నాం కాబట్టి నాది బి పాజిటివ్ అని తెలుసు. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఆ చీటీని చాలాసేపు చూశాను. పరీక్షకి ఐదు మార్కుల ప్రశ్నగా చదువుకున్న సంగతి మా ఇంటి కథ అని ఆ వేళ తెలిసింది.

నా తర్వాత అమ్మకి ముగ్గురు పుట్టారు. 1964లో మగపిల్లవాడు. నాలుగోనాటికి ఒళ్ళంతా పసుపు ముద్దయి పోయాడు. 1966లో ఆడపిల్ల. పుట్టిన మర్నాడే పచ్చబడింది, మూడోనాటికి లేదు. 1969లో నెలలు నిండకుండానే, చనిపోయి పుట్టాడు ఒకడు. ఒళ్ళంతా నీరుపట్టి ఉబ్బిపోయి ఉన్నాడని మంత్రసాని చెబుతుంటే ఏడేళ్ళ నేను తలుపు చాటున విన్నాను. వాడికి పుట్టకముందే పేరు అనుకున్నారు. పిల్లలు దక్కని ఇళ్ళలో బిడ్డని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అని పిలిస్తే మృత్యువు ముట్టదంటారు కదా. పెంటకుప్ప దాకా వెళ్ళే అవకాశం కూడా వాడికి రాలేదు.

'కడుపులో విషం ఉంది దీనికి' అనేది నాయనమ్మ. రెండో బిడ్డ తర్వాత అది ఊరి మాట అయింది. సీమంతాలకి, బారసాలలకి అమ్మని పిలవడం మానేశారు. మొహమాటానికి ఎవరైనా పిలిచినా గుమ్మంలోనే తాంబూలం అందుకుని వచ్చేసేది. నాన్నకి రెండో సంబంధం చూడాలని రెండేళ్ళపాటు ఇంట్లో మాట నలిగింది. తర్వాత ఎందుకో ఆగిపోయింది. నాన్నే వద్దన్నాడా, పిల్లనిచ్చేవాళ్ళు దొరకలేదా అన్నది నాకిప్పటికీ రూఢిగా తెలియదు. నాయనమ్మ చెడ్డమనిషని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. తొమ్మిది కాన్పుల్లో నలుగురిని పోగొట్టుకున్న మనిషి ఆవిడ. ఆ చావులకి ఆవిడ అత్తగారు ఏమన్నదో మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

కుట్లు విప్పిన రోజు సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని, కొత్తగా వచ్చిన చదువు నోట్లో ఊరుతుంటే చెప్పాను. 'నీ రక్తంలో సైనికుల్లాంటివి తయారయ్యాయమ్మా. అవి బిడ్డ రక్తకణాల్ని శత్రువులనుకున్నాయి. మాయ దాటి వెళ్ళి దాడి చేసి చంపేశాయి. నీ తప్పేం లేదు.'

అమ్మ పైకప్పు వంక చూస్తూ విన్నది. 'అయితే మీ నాయనమ్మ అన్నది నిజమేనన్నమాట' అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

విముక్తి ఏదో తెచ్చి ఆవిడ చేతిలో పెడుతున్నాననుకున్నాను నేను. నాయనమ్మ ఊహగా అన్న మాటకి యూనివర్సిటీ ముద్ర వేసి ఇచ్చాను.

పైగా ఒక ముక్క దాచాను. అమ్మ ఎర్రకణాల మీద ఆర్‌హెచ్-డి అనే అణువు లేదు. మన దేశంలో నూటికి ఐదుగురికి అటూ ఇటూగా అది ఉండదు. దానివల్ల వాళ్ళకేం లోటూ లేదు. నాన్నకి ఉంది, ఆయన నుంచి నాకు వచ్చింది. మొదటి కాన్పులో, మాయ విడిపోయేటప్పుడు, బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. తన ఒంట్లో ఎన్నడూ లేని ఆ అణువుని తల్లి శరీరం అప్పుడు మొదటిసారి చూస్తుంది, దానికి ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. మొదటి బిడ్డకి ఏమీ కాదు, ఆ బిడ్డ అప్పటికే బయటపడింది. తర్వాతి బిడ్డ కడుపులో పడ్డప్పుడు ఆ ప్రతిరక్షకాలు సిద్ధంగా ఉంటాయి. కాన్పు కాన్పుకీ వాటి బలం పెరుగుతుంది. నాలుగోనాడు పోయినవాడు, మూడోనాడు పోయింది, చనిపోయే పుట్టినవాడు. మా ఇంట్లో ఆ వరస పాఠ్యపుస్తకంలో రాసినట్టే నడిచింది. అంటే అమ్మ రక్తానికి ఆ పాఠం నేర్పింది నేను. 1962లో పుట్టి, హాయిగా బతికి, ఎమ్మెస్సీ చదువుతున్న నేను. ఇది ఆ సాయంత్రం చెప్పలేదు. ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళ పాటు కూడా చెప్పలేదు.

ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ప్రతి ఏడూ ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పాఠం దగ్గరికి వచ్చేవాళ్ళం. తెలుగు మీడియం పుస్తకాల్లో దాన్ని 'అసంక్రామ్యత' అన్నారు. పిల్లలకి నోరు తిరిగేది కాదు. నోరు తిరిగిన తర్వాతి మాటలన్నీ మాత్రం యుద్ధానివే. రక్షణ వలయాలు, హంతక కణాలు, దాడి, ప్రతిదాడి. చర్మం కోటగోడ. నేనూ అలాగే చెప్పాను, చాలా ఏళ్ళు. పరీక్షల్లో మార్కులు అలా రాసినవాళ్ళకే వచ్చేవి. ఆర్‌హెచ్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం బల్ల మీద డస్టర్ సర్దుకుంటూ తొందరగా దాటేసేదాన్ని.

నా ఆలోచన కదలడం ఒక సొరచేప దగ్గర మొదలైంది.

మా తరం జంతుశాస్త్రం చదివినవాళ్ళందరికీ స్కోలియోడాన్ తెలుసు. ఫార్మలిన్‌లో నానిన మూరెడు సొరని మైనపు పళ్ళెంలో గుండుసూదులు గుచ్చి పడుకోబెట్టి, మొప్పల రక్తనాళాలు, కపాల నాడులు ఎత్తి చూపించాలి. నాడి తెగితే మార్కులు తెగేవి. 2014లో యూజీసీ కోతలు ఆపమనేదాకా ఇదే ప్రాక్టికల్. మా వైపు పాలసొర అని పిలిచే చిన్న సొరల్లో అదొకటి. నిజాంపట్నం వైపు నుంచి కావిళ్ళలో, తర్వాత్తర్వాత సైకిళ్ళ మీద వచ్చేది. బాలింతకి వండిపెడితే పాలు పడతాయని నమ్మకం. 1966లో మా ఇంట్లో కూడా వండారని అమ్మ చెప్పింది. పాలు పడ్డాయి, తాగేవాళ్ళు లేరు.

ఆ సొరని మనకి ముక్కముక్కగా చూపించిన ప్రామాణిక గ్రంథం 1928లో వచ్చింది. రాసినవారి పేరు తిల్లయంపళం అని క్లాసులో చెప్పేవాళ్ళు. నేను చాలాకాలం ఆయనెవరో తమిళ పెద్దమనిషి అనుకున్నాను. లక్నోలో ఇసబెల్లా థోబర్న్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఇవాంజెలిన్ తిల్లయంపళం అని, స్త్రీ అని, ఉద్యోగంలో చేరిన పదేళ్ళకి తెలిసింది. ఇన్ని వేలమంది ఆడపిల్లలు ఆవిడ చూపించిన దారినే కత్తెర నడిపి, ఆవిడ ఆడమనిషని తెలియకుండా పాసయ్యారు.

ఇంకొక సంగతి కూడా సిలబస్‌లో లేక తప్పిపోయింది. స్కోలియోడాన్ గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. దాని గుడ్డులో పచ్చసొన దాదాపు ఉండదు. పిల్లలు తల్లి గర్భంలో మాయ ద్వారానే పోషణ పొందుతాయి. చేపల్లో ఇంతగా ఎదిగిన మాయ ఇంకోదానికి లేదంటారు. ఎప్పుడైనా ఆడసొర కడుపు కోస్తే బొడ్డుతాడుతో వేలాడే వేలెడు పిల్లలు బయటపడేవి. అవి రికార్డులో వెయ్యాల్సిన బొమ్మ కాదు కాబట్టి అటెండరు బకెట్లో వేసేవాడు.

వెన్నెముక ఉన్న జీవుల్లో ప్రతిరక్షకాల కథ సొరల దగ్గర మొదలవుతుంది. దవడలున్న జీవులు పుట్టిన కాలం, సుమారు 50 కోట్ల ఏళ్ళ కిందట, ఇప్పుడు మన ఒంట్లో ఉన్న సరంజామా దాదాపు అంతా కనిపిస్తుంది. ప్రతిరక్షకాలు, టి కణాల గ్రాహకాలు, కణం తనలో ఏముందో బయటికి చూపించే ఎమ్‌హెచ్‌సీ అణువులు, అన్నీ సొరలో ఉన్నాయి. దానికంటే ముందుతరం, దవడల్లేని లాంప్రే చేపల్లో వీటిలో ఒక్కటీ లేదు. మరి లాంప్రేలు ఎలా బతుకుతున్నాయి? 2004లో తెలిసింది, వాటికి వేరే పద్ధతి ఉందని. పూర్తిగా వేరే జాతి ప్రోటీన్ల ముక్కల్ని రకరకాలుగా కలుపుకుని అవీ ప్రతిరక్షకాల పనే చేసుకుంటున్నాయి. ఒకే అవసరానికి రెండు ఇళ్ళలో రెండు వంటలు అన్నమాట. మా పుస్తకాల్లో లాంప్రేని 'ఆదిమ' జీవి అని ఒక్క మాటలో తీసిపారేసేవాళ్ళు.

సొరకీ మనకీ ఉన్న పద్ధతిలో విశేషమేమిటంటే, ప్రపంచంలో ఉన్న ప్రతి అణువుకీ ఒక జన్యువు చొప్పున మన దగ్గర లేదు. కొద్దిపాటి జన్యు ముక్కల్నే ప్రతి బి కణం తనకి తాను కోసి, కొత్త వరసలో కుట్టుకుంటుంది. అతుకుల బొంతలాగా. ఏ రెండు బొంతలూ ఒకలా ఉండవు. ఇది 1976లో సుసుము టొనెగావా చూపించాడు, 1987లో నోబెల్ వచ్చింది. ఆ కత్తెర పని చేసే రెండు జన్యువుల్ని 1989, 90ల్లో డేవిడ్ షాట్జ్, మార్జరీ ఓటింగర్‌లు డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాలలో పట్టుకున్నారు. వాటిని రాగ్-1, రాగ్-2 అంటారు. ఆ కత్తెర ఎక్కడిది అన్న ప్రశ్నకి జవాబు నన్ను కుర్చీలోంచి లేపింది. అది బయటినుంచి వచ్చింది. జన్యువుల మధ్య ఒకచోట తెగి ఇంకోచోట అతుక్కుంటూ తిరిగే 'గెంతే జన్యువు' ఒకటి, ఎప్పుడో మన పూర్వజీవుల జన్యువుల్లోకి చొరబడి ఉండిపోయింది. రాగ్ ప్రోటీన్లు గాజునాళికలో ఇప్పటికీ ఆ పాత గెంతుడు పని చెయ్యగలవని 1998లో రెండు బృందాలు చూపించాయి. 2016లో చైనా శాస్త్రజ్ఞులు ఆంఫియాక్సస్‌లో దాని తోబుట్టువుని, ఇంకా గెంతగలిగే దాన్ని, కనుక్కున్నారు. ఆంఫియాక్సస్ మా లాబ్‌లో గులాబీరంగు స్లైడుగా ఉండేది. అడ్డకోత బొమ్మ వేసి పేర్లు రాసి దాటిపోయేవాళ్ళం.

గెంతే జన్యువులనగానే బార్బరా మెక్లింటాక్ గుర్తురావాలి. మొక్కజొన్న గింజల రంగులు చూసి ఆ సంగతి చెప్పిందావిడ. 1951లో పెద్దల సభలో చెబితే ఎవరికీ ఎక్కలేదు. 1983లో, ఎనభై ఒకటో ఏట, నోబెల్ ఇచ్చారు. నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడు. మా ప్రొఫెసరు ఆ వార్త చెబుతూ 'పెళ్ళి చేసుకోలేదు, అందుకే సాధ్యమైంది' అన్నాడు. దాని మీద ఆ రోజుల్లో మేం నవ్వాం కూడా.

'నాది, పరాయిది' అని గీత గీసే కత్తెరే పరాయిది. ఈ సంగతి తెలిశాక కోటగోడ పాఠం చెప్పడం కష్టమైంది. ఎమిలీ మార్టిన్ 1994లో రాసిన 'ఫ్లెక్సిబుల్ బాడీస్' జిరాక్స్ ఒక స్నేహితురాలు పంపింది. రోగనిరోధక శక్తి గురించి అమెరికా పత్రికలూ పుస్తకాలూ ఎలాంటి సైనిక భాష మాట్లాడుతున్నాయో ఆ మానవశాస్త్రవేత్త విప్పి చూపించింది. అదే ఏడు పాలీ మాట్జింగర్, శరీరం చూసేది పరాయితనాన్ని కాదు, ప్రమాదాన్ని అని వాదిస్తూ పెద్ద వ్యాసం రాసింది. పరాయిదైనంత మాత్రాన స్పందించాలంటే తల్లి బిడ్డని తొమ్మిదినెలలు ఎలా మోస్తుందని ఆవిడ ప్రశ్న. ఈ మాట్జింగర్ 1978లో తన తొలి వ్యాసాల్లో ఒకదానికి తన కుక్కని సహరచయితగా పెట్టింది. శాస్త్ర వ్యాసాల కర్మణి వాక్యం రాయడం ఇష్టం లేదట, 'నేను' అని రాసే ధైర్యం చాలలేదట. 'మేము' అనడానికి ఇంకొకరు కావాలి, కుక్క ఉంది. 'నేను' అని రాయడానికి తటపటాయించే మనలాంటి వాళ్ళకి ఆవిడ బంధువే అనిపించింది. ఆవిడ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. మా అమ్మ విషయంలో నాకూ అది చాలలేదు. ఆ ముగ్గురిలో ఏ ప్రమాదముందని?

నాకు కావలసిన జవాబు ఇంకోచోట ఉంది. అణువులు తల్లినుంచి బిడ్డకి ఎలా వెళతాయన్న చోట.

కోడి తన ప్రతిరక్షకాలని గుడ్డు పచ్చసొనలో పోస్తుంది. 1893లోనే క్లెంపరర్ అనే జర్మన్ వైద్యుడు ధనుర్వాతానికి టీకా ఇచ్చిన కోళ్ళతో ఇది చూపించాడు. ఆ ప్రతిరక్షకానికి ఐజీవై అని పేరు. 'వై' అంటే యోక్, పచ్చసొన. మన ఐజీజీ దాని వారసురాలే. ఆవు మాయలోంచి ఏమీ పంపదు. దూడ ప్రతిరక్షకాలు లేకుండానే పుడుతుంది. అన్నీ మొదటి పాలలో ఉంటాయి. దూడ పేగు వాటిని నేరుగా రక్తంలోకి పీల్చుకునేది మొదటి రోజు వరకే, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. ఆ పాలే మనం జున్ను వండుకుని ఇరుగుపొరుగులకి పంచుతాం. మనుషుల్లో బాలింత ముర్రుపాలు చాలా ఇళ్ళలో పిండి పారబోసేవాళ్ళు. అదేదో చెడు పాలని. నా మొదటి ముర్రుపాలు కూడా గోడ మొదట్లోనే పడ్డాయట.

మనిషి తల్లి రెండు దారుల్లో ఇస్తుంది. పాలలో ఒక రకం, కడుపులో ఉన్నప్పుడే మాయ ద్వారా ఐజీజీ. చివరి నెలల్లో ఎంత వేగంగా పంపుతుందంటే, నెలలు నిండిన బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. కావాలని మోసి దాటించే అణువు లేకుండా అది సాధ్యం కాదు. ఆ మోసే గ్రాహకాన్ని 1989లో ఎలుకలో వేరుచేశారు. దాని ఆకారాన్ని 1994లో పమేలా బ్యోర్క్‌మన్ బృందం గీసింది. అంతకుముందు 1987లో, 'నాది, పరాయిది' తేల్చడంలో ముఖ్యమైన ఎమ్‌హెచ్‌సీ అణువు బొమ్మని మొదటిసారి లోకానికి చూపించిన బ్యోర్క్‌మన్ ఆవిడే. ఆ బొమ్మలో అణువు పైభాగాన ఒక గాడి ఉంటుంది. కణం లోపలి ప్రోటీను తునకని అందులో పెట్టుకుని బయటికి చూపిస్తుంది, టి కణం వచ్చి సోదా చేస్తుంది. తల్లి ప్రతిరక్షకాలని మోసే గ్రాహకం చూస్తే, అది ఈ కుటుంబంలోదే. గాడి మాత్రం మూసుకుపోయింది. సోదా పని ఎప్పుడో మానేసి మోతపని చేపట్టింది.

పక్షుల్లో పచ్చసొనలోంచి పిల్లలోకి దాటించే గ్రాహకం ఈ కుటుంబంలోది కానే కాదు, పూర్తిగా వేరే అణువని 2004లో మళ్ళీ బ్యోర్క్‌మన్ ప్రయోగశాలే తేల్చింది. తల్లి నుంచి బిడ్డకి దారి పరిణామంలో కనీసం రెండుసార్లు, రెండు వేరువేరు సరుకులతో తయారైంది.

ఈ దారిగుండానే మా అమ్మ ప్రతిరక్షకాలు ఆ ముగ్గురికీ చేరాయి. వాటితోపాటు చిన్నప్పుడు అమ్మకి వచ్చిపోయిన తట్టు, గవదలకి సంబంధించినవి కూడా వెళ్ళి ఉంటాయి. అన్నీ ఒకే మోత. మోసే అణువు పట్టుకునేది ప్రతిరక్షకం తోకని. అది ఏ అణువుని గుర్తుపట్టే రకమో ఉండేది కొసన. మోసేదానికి ఆ కొస కనబడదు. అంటే ఆ పిల్లల్ని చంపడానికి అమ్మ ఒంట్లోంచి ఏదీ దండెత్తి వెళ్ళలేదు. బతికించడానికి పంపే సామాను మూటలోనే అది కూడా వెళ్ళింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. యుద్ధ కథ వద్దనుకున్న మనలో కొందరికి దాని స్థానంలో మాతృప్రేమ కథ పెట్టాలని ఉబలాటం ఉంటుంది. అణువులకే కరుణ ఉన్నట్టు. నేనూ ఒక సభలో అలా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ముగ్గురు పిల్లలు పోయిన ఇంట్లో ఆ కథ ఎలా చెల్లుతుంది? గ్రాహకానికి తల్లి తెలియదు, బిడ్డ తెలియదు. ఆర్‌హెచ్ అణువు కూడా గుర్తింపు బిళ్ళగా పుట్టలేదు. దాని దగ్గరి చుట్టాలు కణం పొరలోంచి అమోనియాని దాటించే పనివాళ్ళు, చేపల మొప్పల్లోనూ ఉన్నాయి.

2016లో మా అమ్మాయి గర్భవతి. దాని గ్రూపు నెగటివ్. అమ్మ దగ్గరి లేనితనం నాలో పైకి కనబడకుండా ఉండి, మా ఆయన వైపునుంచి కూడా అలాంటిదే కలిసి, మనవరాలిలో తేలింది. అల్లుడిది పాజిటివ్. ఏడో నెలలో ఒక ఇంజెక్షన్, కాన్పయ్యాక 72 గంటల్లోపు ఇంకొకటి. దాన్ని యాంటీ-డి అంటారు. అమ్మకి డెబ్భై రెండేళ్ళు, మా దగ్గరే ఉంటోంది. ఆ రెండో ఇంజెక్షన్ వేస్తుంటే ఆస్పత్రి గదిలో ముత్తవ్వ హోదాలో మడతకుర్చీ మీద కూర్చుని ఉంది.

'ఎందుకే అది?' అంది.

ఈసారి ముందు నా ముక్క చెప్పాను. 'నేను పుట్టినప్పుడు నా రక్తం కాస్త నీ రక్తంలో కలిసిందమ్మా. నీ ఒంటికి లేనిదేదో నా రక్తంలో ఉంది. దానికి నీ ఒళ్ళు జవాబు తయారుచేసుకుంది. తర్వాత వాళ్ళు కడుపులో పడ్డప్పుడు, నువ్వు వాళ్ళకి పంపేవాటన్నిటితో కలిసి ఆ జవాబు కూడా వెళ్ళింది. మొదలు నాతో.' 1984లో మంచం పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట. గొంతు సరిగా రాలేదు.

అమ్మ కాసేపు ఆలోచించింది. 'అంటే నా రక్తానికీ మీ రక్తానికీ పడలేదన్నమాట' అంది.

ముప్ఫై మూడేళ్ళు పాఠం చెప్పి నేను పట్టుకోలేని క్రియాపదం అది. వంకాయ పడదు, ఊరి నీళ్ళు పడలేదు, అత్తాకోడళ్ళకి పడదు అని రోజూ అంటాం. ఎలర్జీ అన్న మాట రాకముందు నుంచీ అంటున్నాం. ఆ వాక్యంలో దాడిచేసినవాళ్ళు ఉండరు. పాలు పడటంలో ఉన్నదీ ఆ క్రియే. పుస్తకంలో 'అసంక్రామ్యత' పక్కన దీనికి చోటు దొరకలేదు.

మందు ఎలా పుట్టిందో అడిగింది. లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అనే డాక్టరు ఉండేవాడని, ఆయన అసలు సరదా సీతాకోకచిలుకల్ని దాటించి రంగులు చూడడమని, ఆర్‌హెచ్ తల్లుల సమస్య పట్టుకున్నాడని చెప్పాను. ఒకరాత్రి ఆయన భార్య ఫియో నిద్రలేపి, వాళ్ళకి ఆ ప్రతిరక్షకాన్నే ఇవ్వమందట. అది తయారుకాకూడదనే కదా మన తాపత్రయం అని ఆయన విసుక్కున్నాడట. తెల్లారాక ఆలోచిస్తే సరిగ్గానే ఉంది. బిడ్డ రక్తకణాలు తల్లిలో కలవగానే, బయటినుంచి ఇచ్చిన ప్రతిరక్షకం వాటిని తుడిచేస్తే, తల్లి శరీరం సొంతంగా తయారుచేసుకునే అవసరం రాదు. ఆయనే చెప్పుకున్న కథ ఇది. న్యూయార్క్‌లో ఇంకో బృందం వేరే దారిలో అదే చోటికి వచ్చింది. 1968లో అమెరికాలో మందుకి అనుమతి దొరికింది. 1962లో, నేను పుట్టినప్పుడు, లోకంలో ఎక్కడా లేదు.

'భార్య లేపకపోతే?' అంది అమ్మ. ఆవిడకి సీతాకోకచిలుకల కంటే ఆ ముక్క నచ్చింది.

'ఇంతకీ ఆ ప్రతిరక్షకం ఎక్కణ్ణించి తెస్తారు?'

మనుషుల రక్తం నుంచే, అన్నాను. ఇప్పుడు నెగటివ్ గ్రూపువాళ్ళలో దాతలకి కావాలనే కొద్దిగా పాజిటివ్ రక్తకణాలు ఎక్కించి, వాళ్ళ ప్లాస్మా తీసుకుంటారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 2018 వరకు వెయ్యిసార్లకి పైగా అలా ఇచ్చాడు. (2025లో ఆయన పోయినప్పుడు పేపర్లలో చదివాను, అప్పటికి అమ్మ లేదు.) మొదట్లో మాత్రం ఇచ్చినవాళ్ళలో చాలామంది ఆ ప్రతిరక్షకం ఒంట్లో అప్పటికే ఉన్న ఆడవాళ్ళు. కాన్పుల్లో దాన్ని సంపాదించుకున్నవాళ్ళు.

'అంటే?'

'అంటే నీలాంటివాళ్ళమ్మా. నీ ఒంట్లో ఉన్నదే ఈ మందు.'

నర్సు వచ్చి సిరంజి, ఖాళీ సీసా ఉన్న ట్రే తీసుకెళ్ళబోయింది. అమ్మ ఆ సీసా అడిగి తీసుకుంది. అద్దాలు పైకి జరుపుకుని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా, దాని మీది అక్షరాల్ని చుట్టూ తిప్పి చూసింది. బొటనవేలంత సీసా.

'నన్నెవరూ అడగలేదే. అడిగితే ఇచ్చేదాన్ని కాదూ' అంది.

సీసా నర్సు చేతిలో పెట్టి, ఉయ్యాలలో బిడ్డ కళ్ళు పచ్చగా ఏమన్నా ఉన్నాయేమో కాస్త వెలుతురులోకి తెచ్చి చూడమంది నన్ను.